కాలిన మచ్చలు: ఇన్ని పరిశోధనల్లో మా పిల్లకి పనికొచ్చేది ఏది?

తెనాలి_రాధ
మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్ళు. భోగి మంట దగ్గర పరికిణీకి నిప్పంటుకుంది. తొడలు, పొట్ట, కుడి చెయ్యి మోచేతి పైదాకా కాలాయి. ప్రాణగండం గడిచింది. తొడల మీద గ్రాఫ్టింగ్ (వేరేచోటి చర్మం తెచ్చి అతకడం) చేశారు. చెయ్యి దానంతట అదే మానుతుందని డ్రెస్సింగులతో సరిపెట్టారు, అది మానడానికి నెల పైనే పట్టింది. గాయాలన్నీ మూసుకున్నాక ఇంటికి పంపేశారు. ఇక కష్టం తీరిందనుకున్నాం.

తీరలేదు. మానిన చోటే మచ్చ ఎర్రగా ఉబ్బి గట్టిపడుతోంది. దురదతో పిల్లకి రాత్రిళ్ళు నిద్ర లేదు, వాళ్ళమ్మకీ లేదు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. మచ్చని అదిమి ఉంచే బిగుతు బట్ట, ప్రెషర్ గార్మెంట్, కుట్టించి ఇచ్చారు కానీ ఈ ఎండల్లో వేసుకోనని ఏడుస్తుంటే మా చెల్లెలు జాలిపడి తీసేస్తోంది.

ఇంకోపక్క బంధువుల వాట్సాప్. బ్రెజిల్‌లో చేప చర్మం వేస్తే మచ్చే రాదట. ఆస్ట్రేలియాలో చర్మాన్ని స్ప్రే కొడతారట. అమెరికాలో మచ్చ పడకుండా మందు కనిపెట్టేశారట. మా మరిది అయితే "ఆ మందు వచ్చాక చూద్దాం, ఈలోపు పిల్లని ఈ బిగుతు గుడ్డలతో ఏడిపించడం దేనికి" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండుతోంది కానీ గట్టిగా ఏం చెప్పాలో తెలియడం లేదు. వీటిలో ఏది నిజం, ఏది మా పిల్లకి పనికొస్తుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

వైజాగ్_వాసు
గార్మెంట్ తీయనివ్వకండి అక్కా. నాకు ప్లాంట్‌లో ఆవిరి కొట్టి భుజం, మెడ కాలాయి. రోజుకి 23 గంటలు వేసుకోవాలన్నారు, స్నానానికి మాత్రం తీసేవాణ్ణి. మొదట్లో నరకం. తర్వాత అలవాటైంది. మెడ పక్కన సరిగ్గా పట్టని చోట మచ్చ ఇప్పటికీ ఎత్తుగా ఉంది, భుజం మీద చదునుగా ఉంది.

ఫిజియో_పద్మ
రాధ గారూ, మచ్చ సంగతి తర్వాత. ముందు ఆ మోచెయ్యి చూడండి. మీ పోస్టులో నన్ను భయపెట్టిన మాట అదే.

కాలిన చర్మం మానేటప్పుడు దగ్గరికి లాక్కుంటుంది. పిల్లకి నొప్పి కాబట్టి చెయ్యి మడిచి పొట్టకి ఆనించి పెట్టుకుంటుంది, అదే తనకి హాయి. ఏ భంగిమలో హాయిగా ఉంటుందో ఆ భంగిమలోనే కీలు బిగుసుకుపోతుంది. కాలిన రోగులతో పనిచేసే ఫిజియోలం అందరం నేర్చుకునే మొదటి పాఠం ఇది. మోచేతి మడతలో మచ్చ ముదిరిందంటే, తర్వాత మళ్ళీ కోసి, చర్మం తెచ్చి అతకాల్సి వస్తుంది. ఎదిగే పిల్లకి ఇంకా కష్టం, ఎముక పెరుగుతుంది, మచ్చ దానితో సమానంగా సాగదు.

పగలు గంటకోసారి నెమ్మదిగా చాపించాలి. రాత్రి మోచెయ్యి చాచి ఉండేలా స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ) కట్టాలి. మచ్చ తెల్లబడేదాకా మెల్లగా సాగదీసి అక్కడ కాసేపు పట్టి ఉంచాలి, కుదుపులు వద్దు. ముందు కొబ్బరినూనెతోనో మాయిశ్చరైజర్‌తోనో మర్దన చేస్తే చర్మం పొడిబారి పగలదు. దగ్గర్లో ఉన్న ఫిజియోకి ఈ వారమే చూపించండి, వచ్చే నెల కాదు.

కర్నూలు_కుర్రాడు
చేప చర్మం వీడియో నేనూ చూశాను. అంత బాగా పనిచేస్తుంటే మన దగ్గర ఎందుకు లేదు? మన దగ్గర చేపలకేం కొదవ?

మిర్చి_యార్డ్
బ్రెజిల్ వాళ్ళు వాడేది తిలాపియా చేప కాబట్టి సరిపోయింది. పులస చర్మం కావాలంటే ఆరోగ్యశ్రీ కూడా చేతులెత్తేస్తుంది.

ల్యాబ్_కోటు
నేను హైదరాబాద్‌లో గాయాలు మానే జీవశాస్త్రం మీద పనిచేస్తాను. డాక్టర్ని కాను, కాబట్టి వైద్యం చెప్పను. ఏ పరిశోధన ఏమిటో మాత్రం చెప్పగలను.

చేప చర్మం నిజమే. బ్రెజిల్‌లో ఫోర్తలేజా నగరంలోని సియారా ఫెడరల్ యూనివర్సిటీ వాళ్ళు చేశారు. తిలాపియా చర్మాన్ని శుభ్రపరిచి, గ్లిజరాల్‌లో ఉంచి, రేడియేషన్‌తో క్రిములు లేకుండా చేసి వాడతారు. చర్మానికి బలమిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ అందులో ఎక్కువ, గాయాన్ని తేమగా ఉంచుతుంది, రోజూ కట్టు మార్చే బాధ తప్పుతుంది, నొప్పి తగ్గుతుంది. కానీ అది కట్టు. శరీరంలో అతుక్కుని మన చర్మంగా మారదు. కింద కొత్త చర్మం వచ్చాక ఊడిపోతుంది. అందుకే పైపొరలు కాలిన గాయాలకే బాగా నప్పుతుంది. దయచేసి ఎవరూ బజారు చేప చర్మం ఇంట్లో వేయకండి, ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదకొస్తుంది.

ఇలాంటి చవక కట్టుల మీద మన దేశంలోనూ మంచి పని జరిగింది. ముంబైలో డాక్టర్ కేశ్వాని 1980లలో బంగాళాదుంప తొక్కలని గాజుగుడ్డ మీద పరిచి, స్టెరిలైజ్ చేసి పిల్లల గాయాలకి వాడారు. అరటి ఆకు కట్టు మీద కూడా ముంబైలో అధ్యయనాలు వచ్చాయి. చెన్నైలోని తోళ్ళ పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ కొలాజెన్ పొరల మీద ఎన్నో ఏళ్ళు పనిచేసింది. కొలాజెన్ షీట్లు మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల వాడుతున్నారు కూడా. వాట్సాప్‌లో తిరగవు కాబట్టి మనకి తెలియవు.

అమ్మమ్మ_వంటిల్లు
మా చిన్నప్పుడు కాలితే ఇడ్లీ పిండి, పసుపు రాసేవాళ్ళు. మాకెవరికీ మచ్చలు పడలేదు. ఇప్పుడు అన్నిటికీ ఆసుపత్రే.

ఓల్డ్‌సిటీ_సిస్టర్
అమ్మా, మీకు కాలింది పైపైన అయ్యుంటుంది, అది ఏం రాసినా మానేదే. బర్న్స్ వార్డులో నేను చాలా ఏళ్ళు చేశాను. పిండి, పసుపు, ఇంకు, టూత్‌పేస్ట్ పూసుకుని వచ్చినవాళ్ళకి అదంతా కడిగి తీసేటప్పుడు వాళ్ళు పడే బాధ నేను చూశాను. కింద ఎంత లోతుగా కాలిందో డాక్టర్‌కి కనబడదు, పైగా క్రిములు చేరతాయి.

కాలగానే చేయాల్సింది ఒకటే. కుళాయి కింద మామూలు చల్లటి నీళ్ళు, 20 నిమిషాలు. ఐస్ వద్దు. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా లాభమే. చిన్నపిల్లలైనా, ఎక్కువ భాగం కాలినా ఒళ్ళంతా చల్లబడిపోకుండా మిగతా శరీరానికి దుప్పటి కప్పాలి. తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి. రేపు మచ్చ ఎంత పడుతుందో ఆ 20 నిమిషాల మీద కూడా ఆధారపడుతుంది.

అమ్మమ్మ_వంటిల్లు
సరే సిస్టర్, నీళ్ళ సంగతి మా కోడలికి చెప్తాను. మనవడు స్టవ్ చుట్టూనే తిరుగుతుంటాడు.

పెర్త్_పంతులు
స్ప్రే చర్మం గురించి. నేనుండేది పెర్త్‌లోనే, ఇక్కడ డాక్టర్ ఫియోనా వుడ్ అంటే తెలియనివాళ్ళు ఉండరు. 1990లలో మేరీ స్టోనర్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టారు. 2002 అక్టోబర్‌లో బాలిలో బాంబులు పేలినప్పుడు 28 మంది క్షతగాత్రులు రాయల్ పెర్త్ హాస్పిటల్‌కి వచ్చారు, అప్పుడు ప్రపంచానికంతా తెలిసింది. 2005లో ఆవిడకి ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు.

పద్ధతి ఇది. రోగి శరీరం నుంచే తపాలా బిళ్ళ అంత చర్మం తీస్తారు. ఎంజైమ్‌లో నానబెట్టి కణాలు విడదీసి, ద్రవంలో కలిపి గాయం మీద చల్లుతారు. తీసిన ముక్కకి 80 రెట్ల వైశాల్యం దాకా సరిపోతుంది. రంగునిచ్చే కణాలు కూడా అందులో ఉంటాయి, అందుకే రంగు కలుస్తుంది. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో దీనికి అనుమతి ఇచ్చింది.

సిరిసిల్ల_శీను
ఇవన్నీ బాగనే ఉన్నయి పంతులన్నా. కానీ మా దిక్కు జిల్లా ఆసుపత్రిలో బర్న్స్‌కి వేరే వార్డే సరిగ్గ లేదు. మా పెద్దమ్మని గ్యాస్ లీకై కాలితే ఊళ్ళె నుంచి పట్నం తీసుకపోయేసరికి సగం రోజు అయింది. ఎలుకల మీద, పందుల మీద ప్రయోగాలకి కోట్లు పోస్తరు, ఇక్కడ మంచం లేదు. పరిశోధన అంటే నాకు కోపం వస్తది.

ల్యాబ్_కోటు
శీను గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. ఆ సగం రోజే ప్రాణాంతకం. కాలినచోట రక్తనాళాల నుంచి నీరు కారిపోతుంది, లోపల రక్తం పలచన కాదు, చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఈ సంగతి కూడా పరిశోధనే చెప్పింది. 1921లో అమెరికాలోని న్యూహేవెన్‌లో ఒక థియేటర్ కాలిపోయింది. అండర్‌హిల్ అనే ప్రొఫెసర్ బాధితుల బొబ్బల్లో నీళ్ళు పరీక్షించి, అది దాదాపు రక్తంలోని ప్లాస్మాయేనని తేల్చాడు. 1942లో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ మంటల్లో 492 మంది పోయారు, అక్కడి అనుభవంతో సెలైన్ లెక్కలు మెరుగుపడ్డాయి. 1960లలో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో బాక్స్టర్ ఇచ్చిన లెక్క ఇవాళ్టికీ మన జిల్లా ఆసుపత్రుల్లో వాడుతున్నారు: కిలో బరువుకి, ఒంట్లో కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్లు, అందులో సగం కాలిన మొదటి 8 గంటల్లో. సెలైన్ బాటిల్ పేదవాడికి కూడా అందుతుంది. కాబట్టి పరిశోధన వద్దనకండి. అందే పరిశోధన కావాలి అనండి, నేనూ మీతో కలిసి అంటాను.

సిరిసిల్ల_శీను
అట్ల చెప్తే ఒప్పుకుంటా. కానీ ఎనిమిది గంటల లెక్క కాలిన టైం నుంచా, ఆసుపత్రికి చేరిన టైం నుంచా?

ఓల్డ్‌సిటీ_సిస్టర్
కాలిన టైం నుంచి. అందుకే ఎన్నింటికి కాలిందని పదేపదే అడుగుతాం. బంధువులు విసుక్కుంటారు.

తెనాలి_రాధ
అందరికీ థాంక్స్. పద్మ గారూ, ఎల్లుండికి ఫిజియో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పంతులు గారూ, ఆ స్ప్రే ఇప్పుడు మా పిల్ల మచ్చ మీద కొట్టించవచ్చా? అమెరికా మందు సంగతి ఎవరూ చెప్పలేదు. మా మరిది ఆశంతా దాని మీదే.

ల్యాబ్_కోటు
దీనికి కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే చాలామంది తికమకపడేది ఇక్కడే.

చేప చర్మం, స్ప్రే, అనాసకాడ నుంచి తీసిన ఎంజైమ్‌తో మాడిన చర్మాన్ని కరిగించే మందు, ల్యాబ్‌లో పెంచిన చర్మం, ఇవన్నీ గాయం తెరుచుకుని ఉన్నప్పటివి. మీ పాప గాయం మూసుకుంది. మానిన మచ్చ మీద స్ప్రే ఊరికే కొట్టి ప్రయోజనం లేదు. మచ్చ పైపొర తీసేసి మళ్ళీ గాయం చేసి వాడే పద్ధతులు ఉన్నాయి, కానీ అది మచ్చ పూర్తిగా ముదిరాక ప్లాస్టిక్ సర్జన్ ఆలోచించే విషయం.

ఇక మచ్చ ఎందుకు పడుతుంది? గాయం మానేటప్పుడు మయోఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు వస్తాయి. 1971లో జెనీవాలో గబ్బియాని బృందం వీటిని గుర్తించింది. ఇవి గాయాన్ని దగ్గరికి లాగి, కొలాజెన్ పోస్తాయి. పని అయ్యాక చచ్చిపోవాలి. లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎక్కువ రోజులు నడిచిన గాయంలో అవి చావవు, పోస్తూనే ఉంటాయి. అదే ఉబ్బిన మచ్చ. మూడు వారాలు దాటి మానిన గాయానికి ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. రాధ గారూ, పాప చెయ్యి నెల పైన పట్టిందన్నారు కదా, కారణం అదే అయ్యుండొచ్చు. మన చర్మపు రంగు వాళ్ళకి ఈ ముప్పు తెల్లవాళ్ళ కంటే ఎక్కువ కూడా.

అమెరికా మందు అంటే బహుశా వెర్టిపోర్ఫిన్. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో లాంగేకర్, గర్ట్నర్ బృందం సైన్స్ పత్రికలో రాసింది. గాయం అంచుల్లో లాగుడు ఉంటే కణాలు దాన్ని పసిగట్టి మచ్చ వేసే పనిలోకి దిగుతాయి. ఆ సంకేతాన్ని ఈ మందు ఆపుతుంది. ఎలుకల్లో గాయం వెంట్రుకలతో, గ్రంథులతో సహా మామూలు చర్మంలా మానింది. అద్భుతమైన పని, ఆ పేపర్ చదివిన రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ అది కూడా గాయం అయినప్పుడే ఇచ్చారు, పాత మచ్చని కరిగించలేదు. మనుషుల మచ్చలకి మందుగా దాన్ని ఇంకా ఎవరూ ఆమోదించలేదు. ఆ మందు కంటి జబ్బుకి ఎప్పటినుంచో ఉంది, దయచేసి ఎవరూ తెప్పించి ప్రయోగాలు చేయకండి.

ఎలుకలో పనిచేస్తే మనిషిలో ఎందుకు చేయదంటారా? ఎలుక చర్మం కింద పలచని కండపొర ఉంటుంది. గాయమైతే అది చర్మాన్ని లాగి మూసేస్తుంది. మనకి అలా ఉండదు. అందుకే ఎర్ర డ్యూరాక్ పందుల మీద పరీక్షిస్తారు, వాటి మచ్చ మన మచ్చకి దగ్గరగా ఉంటుంది. శీను గారు పందుల మీద కోట్లు అన్నారు, దాని కారణం ఇది. తొలి పరీక్షలు నెగ్గినంత మాత్రాన సరిపోదని కూడా చూశాం. గర్భంలో పిండానికి మొదటి నెలల్లో గాయమైతే మచ్చ లేకుండా మానుతుంది. ఆ రహస్యం పట్టుకుని మాంచెస్టర్‌లో రెనోవో అనే కంపెనీ అవోటెర్మిన్ అనే మందు చేసింది. తొలి దశ పరీక్షల్లో మనుషుల్లో కూడా బాగుంది. అందరూ ఇక మచ్చలకి మందు వచ్చేసిందనే అనుకున్నారు. 2011లో మూడో దశ పెద్ద పరీక్షలో పనిచేయలేదని తేలింది. మీ మరిది గారికి ఈ ఒక్క కథ చెప్పండి చాలు. మందు వస్తుందని నాకు నమ్మకం ఉంది, దాని కోసమే పనిచేస్తున్నాను. కానీ పాప మోచెయ్యి దాని కోసం ఆగదు.

కర్నూలు_కుర్రాడు
ఒక అనుమానం. లాగుడు వల్ల మచ్చ పెరుగుతుందని మీరంటున్నారు. పద్మ గారేమో సాగదీయమంటున్నారు. ఏది చేయాలి?

ఫిజియో_పద్మ
మంచి ప్రశ్న. గాయం పచ్చిగా ఉన్నప్పుడు, లేదా కుట్లు వేసిన చోట, ఆగకుండా ఉండే లాగుడు చెడ్డది. బలంగా గుంజి చర్మం పగిలేలా చేసే వ్యాయామం కూడా చెడ్డదే, పగిలినచోట మళ్ళీ గాయం, మళ్ళీ మచ్చ. నేను చెప్పింది నెమ్మదిగా, నిలకడగా సాగదీయడం. స్ప్లింట్ చేసే పని కూడా అదే. మచ్చ కాస్త మందంగా మిగిలినా పిల్ల చెయ్యి చాచి జడ వేసుకోగలగాలి, బోర్డు మీద రాయగలగాలి. నేనైతే కీలు వైపే నిలబడతాను.

సిరిసిల్ల_శీను
మరి ప్రెషర్ గార్మెంట్‌కి రుజువు ఉందా? నేను వెతికితే 2009లో అధ్యయనాలన్నీ కలిపి చూసిన పేపర్ ఒకటి దొరికింది. మొత్తం మీద పెద్ద తేడా లేదు, మచ్చ ఎత్తు మాత్రం కొంచెం తగ్గిందని ఉంది. ఎండలో పిల్లని ఏడిపించేంత లాభం ఉందా అని నేనూ అడుగుతున్న.

వైజాగ్_వాసు
శీనన్నా, నా భుజమే రుజువు.

సిరిసిల్ల_శీను
ఒక్క భుజం రుజువు కాదు తమ్ముడూ. నువ్వు వేసుకోకపోయినా చదును అయ్యేదేమో. చాలా మచ్చలు ఏడాదిన్నర, రెండేళ్ళకి వాటంతట అవే మెత్తబడతయి కద.

ల్యాబ్_కోటు
శీను గారు సరైన చోట పట్టుకున్నారు. ఆ 2009 విశ్లేషణ నిజమే. దాని తర్వాత 2010లో సియాటిల్ నుంచి ఒకటి వచ్చింది, 12 ఏళ్ళపాటు చేశారు. ప్రతి రోగికీ ముంజేతి మీద ఒకే గాయం. గార్మెంట్‌లో సగం భాగం సరైన బిగువు, మిగతా సగం వదులు. కొలిచేవాళ్ళకి ఏ సగం ఏదో తెలియదు. బిగువు ఉన్న వైపు మచ్చ మెత్తగా, పలచగా వచ్చింది. కానీ కంటికి కనబడేంత తేడా మధ్యస్థంగా, తీవ్రంగా ఉబ్బిన మచ్చల్లోనే. తేలికపాటి మచ్చకి పెద్దగా ఒరిగింది లేదు. అంటే అందరికీ గుడ్డిగా రాసివ్వడం తప్పు, పాప లాంటి మచ్చకి వదిలేయడమూ తప్పు. వాసు గారి మెడ, భుజం తేడా కూడా దీనికి సరిపోతోంది.

సిరిసిల్ల_శీను
ఒకే చెయ్యి మీద రెండు బిగువులు! ఇది బాగుంది. వాసు తమ్ముడూ, నీ మెడ గెలిపించింది నిన్ను.

వైజాగ్_వాసు
రాధక్కా, ఎండాకాలం కిటుకులు చెప్తాను. రెండు జతలు కుట్టించండి, ఒకటి ఉతికితే ఒకటి ఒంటి మీద ఉంటుంది. చల్లనీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. పిండకూడదు, ఎండలో వేస్తే సాగుడు పోతుంది. మూడు నెలలకోసారి కొలత మళ్ళీ ఇవ్వాలి, బట్ట వదులవుతుంది, పిల్ల పెరుగుతుంది. వదులైన గార్మెంట్ వేసుకుంటే ఉక్క మాత్రమే మిగులుతుంది. మా డాక్టర్ లోపల సిలికాన్ షీట్ కూడా పెట్టమన్నారు. అది రోజూ కడగాలి, చెమటకి దద్దుర్లొస్తే కొన్ని రోజులు ఆపాలి. మధ్యాహ్నం పిల్లని చల్లగా ఉన్న గదిలో ఉంచండి, ఎండ అసలు తగలనివ్వకండి, కొత్త చర్మం నల్లబడిపోతుంది.

నీలిమేఘం
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. నాకు ఇంటర్‌లో ఉండగా కిరోసిన్ స్టవ్ పేలి చెంప, మెడ కాలాయి. మచ్చ అనగానే అందరూ పెళ్ళి గురించే బాధపడేవాళ్ళు. నాకు బాధ నోరు పూర్తిగా తెరవలేకపోవడం, తల పక్కకి తిప్పలేకపోవడం. ఆ సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నాకు బాగా పనిచేసింది ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్. మచ్చలో కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలు వరసగా వేస్తారు. వాటి చుట్టూ కొత్త కొలాజెన్ సర్దుకుంటుంది. కొన్ని వారాల ఎడంతో చాలా సిట్టింగులు పట్టాయి. మచ్చ పోలేదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మెత్తబడింది, దురద దాదాపు పోయింది, మెడ తిరుగుతోంది. మెడలో మరీ గట్టిగా ఉన్న రెండు చోట్ల స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, అది చాలా నొప్పి, పిల్లలకి మత్తు లేకుండా చేయనివ్వకండి.

పాపని మచ్చ దాచుకోమని మాత్రం చెప్పకండి. బడికి వెళ్ళేముందు టీచర్‌తో మాట్లాడి, తోటి పిల్లలకి గార్మెంట్ ఎందుకో ముందే చెప్పించండి. నాకు ఎవరూ అలా చేయలేదు, చదువు ఏడాది ఆగిపోయింది.

తెనాలి_రాధ
నీలిమేఘం గారూ, ఈ మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా మరిదికి అవోటెర్మిన్ సంగతి కూడా చెప్పాను. ఏమీ అనలేదు కానీ రెండో జత కుట్టించడానికి కొలతలు ఇవ్వడానికి తనే తీసుకెళ్ళాడు.

ఇంకో సంగతి. మా అత్తగారు పిల్లకి పప్పు, గుడ్డు పెట్టనివ్వడం లేదు, చీము పడుతుందని. గాయాలు మానిపోయాయి కదా, ఇప్పుడైనా పెట్టొచ్చా?

ఓల్డ్‌సిటీ_సిస్టర్
అయ్యో, మొదటి రోజు నుంచే పెట్టాల్సింది! వార్డులో నేను రోజూ పోట్లాడేది ఈ పథ్యం మీదే. పప్పు తింటే చీము పట్టదు, క్రిములు చేరితే పడుతుంది. ఎక్కువ కాలినవాళ్ళ ఒళ్ళు లోపల మండిపోతున్నట్టే ఖర్చవుతుంది, కండ కరిగిపోతుంది. చారన్నం పెట్టి పడుకోబెడితే చర్మం దేనితో తయారవుతుంది? గుడ్లు, పప్పు, పాలు, చేపలు, చికెన్, ఏది తింటే అది పెట్టండి. అత్తగారికి నా పేరు చెప్పి నన్నే తిట్టమనండి.

ల్యాబ్_కోటు
సిస్టర్ చెప్పిన దాని మీద పెద్ద పరిశోధన ఉంది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో హెర్న్‌డన్ బృందం 2001లో చూపించింది: బాగా కాలిన పిల్లలకి గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ అనే పాత మందు ఇస్తే కండ కరగడం తగ్గింది. చవక మందు, మన ఊళ్ళో దొరికేదే. ఆసుపత్రిలో డాక్టర్ చూసుకుంటూ ఇవ్వాల్సింది, ఇంట్లో కాదు. అలాగే గ్లుటమైన్ పొడి ఇస్తే బతికే అవకాశం పెరుగుతుందని చాలామంది నమ్మారు. సుమారు 1,200 మంది మీద చేసిన పరీక్ష 2022లో వచ్చింది, లాభం లేదని తేలింది. ఎవరైనా ఖరీదైన గ్లుటమైన్ డబ్బాలు కొనమంటే ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

మిర్చి_యార్డ్
ఒక మాట అడగాలి. ఎక్కువ కాలినవాళ్ళకి తీయడానికి సొంత చర్మమే మిగలకపోతే? మా వీధిలో టపాసుల షెడ్డులో కాలిన కుర్రాడికి సగం ఒంటి పైనే కాలింది. ఎక్కడి నుంచి తెస్తారు?

ల్యాబ్_కోటు
ఆ కష్టం మీదే పెద్ద చరిత్ర ఉంది. పూర్వం మాడిన చర్మం దానంతట అదే ఊడేదాకా ఆగేవాళ్ళు, ఆ లోపు ఇన్ఫెక్షన్‌తో పోయేవాళ్ళు. స్లొవేనియాలో మారిబోర్ అనే ఊరి డాక్టర్ జోరా యాన్జెకోవిచ్, మొదటి రోజుల్లోనే మాడిన పొరని పలచగా కోసుకుంటూ పోయి, రక్తం చిమ్మే బతికిన పొర తగలగానే చర్మం అతికేసేవారు. 1970లో ఆ ఫలితాలు రాశారు, ప్రపంచమంతా పద్ధతి మార్చుకుంది. నా దృష్టిలో మచ్చలు తగ్గించిన అతి పెద్ద అడుగు కూడా అదే, ఎందుకంటే గాయం తొందరగా మూసుకుంటుంది. 1975లో గ్రీన్, రైన్‌వాల్డ్ మనిషి చర్మ కణాలని ల్యాబ్‌లో పెంచడం చూపించారు. 1983లో అమెరికాలో 95 శాతానికి పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ములని వాళ్ళ చర్మమే పెంచి బతికించారు. అయితే అలా పెంచింది పైపొర మాత్రమే, వారాలు పడుతుంది, తేలిగ్గా చిరిగిపోతుంది, ఖర్చు విపరీతం. ఆ వారాల్లో గాయాన్ని కప్పి ఉంచేదేమిటన్నది సిస్టర్ చెబితే బాగుంటుంది.

ఓల్డ్‌సిటీ_సిస్టర్
దానం చేసిన చర్మం. కళ్ళు దానం చేసినట్టే చనిపోయినవాళ్ళ చర్మం. అలా ఇచ్చిన చర్మం దాచే స్కిన్ బ్యాంక్ 2000లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఉస్మానియాలో 2021లో మొదలైంది. దానం ఇచ్చిన చర్మం శాశ్వతంగా అతుక్కోదు, కొన్ని వారాల్లో శరీరం తోసేస్తుంది. కానీ ఆ కొన్ని వారాలు నీరు కారిపోకుండా, క్రిములు చేరకుండా, నొప్పి లేకుండా కాపాడుతుంది. ఈలోపు సొంత చర్మం విడతలవారీగా తీసి అతకొచ్చు. దొరికే చర్మం మాత్రం అవసరానికి ఏ మూలకీ చాలదు. అడిగితే ఒళ్ళంతా ఒలిచేస్తారని భయపడతారు.

మిర్చి_యార్డ్
నేనూ అలాగే అనుకున్నాను. మా తాతయ్యకి ఎనభై దాటాయి, కళ్ళు ఇస్తానని ఎప్పుడో రాసిచ్చారు. షుగర్, బీపీ ఉన్నాయి. ఆయన చర్మం పనికొస్తుందా? బ్లడ్ గ్రూప్ కలవాలా?

ఓల్డ్‌సిటీ_సిస్టర్
పనికొస్తుంది. 18 దాటితే చాలు, పై వయసు పరిమితి లేదు. షుగర్, బీపీ అడ్డం కాదు. బ్లడ్ గ్రూప్ కలవక్కర్లేదు. హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ బీ, సీ, చర్మ క్యాన్సర్, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళది తీసుకోరు. తొడలు, కాళ్ళు, వీపు నుంచి కాగితం కంటే కాస్త మందంగా పైపొర తీస్తారు, రక్తం కారదు, కట్టు కట్టి బట్టలు వేసి ఇస్తారు, చూసేవాళ్ళకి తేడా తెలియదు. ముప్పావు గంట పని. గ్లిజరాల్‌లో ఫ్రిజ్‌లో పెడితే ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. ఆరు గంటల లోపు తీయాలి కాబట్టి ఫోన్ వెంటనే చేయాలి, అంతవరకు ఏసీ ఉంటే వేసి ఉంచండి. తాతయ్య ఇష్టం ఇంట్లో అందరికీ ఇప్పుడే తెలిసేలా చేయండి, ఆ సమయానికి సంతకం పెట్టాల్సింది మీరే.